నీలం వరసలు

ఇంజనీర్ జెర్విన్ వచ్చీరాగానే సలూద్‌ని కాఫీ అడిగాడు.

అడగడంలో తప్పేం లేదు. అడిగిన తీరు చూడాలి. బాస్కెట్‌బాల్ కోర్టు నిండా ఇనుప చట్రాలు, వైర్ల చుట్టలు, సోల్డరింగ్ ఐరన్లు పట్టుకుని పన్నెండు మంది ఆడవాళ్ళు. వాళ్ళందరికీ ముందు, లాంతరు బొమ్మ గీసిన పెద్ద కాగితం మీద వంగి లెక్క చూస్తున్నది నలభై ఎనిమిదేళ్ళ సలూద్ మనలంగ్. ఆమెని ఎగాదిగా చూసి, "అక్కా, ఒక కాఫీ. పంచదార తక్కువ," అన్నాడు. చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు, మెళ్ళో అద్దాలు ఉన్న మనిషి అతనికి వంటావిడలా కనిపించింది. అంత గొప్ప చూపు ఆ కుర్రమహానుభావుడిది.

ఈ జెర్విన్ ఎవరంటే పేట పెద్ద కపితాన్ లియోన్సియో అక్క కొడుకు. ఇంజనీరే, కాదనం. మురుగుకాలవల ఇంజనీరు. ఎక్కడో మనీలా అవతల రెండు కాలవలు తవ్వించి వచ్చాడట. శాన్ ఫెర్నాండోలో డిసెంబరు లాంతర్ల పోటీ అంటే మాటలా? రెండంతస్తుల ఎత్తు లాంతరు, వేల దీపాలు, బ్యాండు వాయిస్తుంటే దానికి తగ్గట్టు రంగులు ఆడాలి. మూడేళ్ళుగా శాన్ తెల్మో పేట ఆఖరి స్థానంలో వస్తోంది. ఈసారి ఊళ్ళో పరువు నిలబెట్టడానికి కపితాన్‌కి తట్టిన ఉపాయం మేనల్లుడు.

"ఈసారి లాంతరు మా జెర్విన్ చూస్తాడు. అంతా కంప్యూటర్లో గీశాడు. మీరు గీతకి తగ్గట్టు అతికితే చాలు," అన్నాడు కపితాన్, పొట్ట నిమురుకుంటూ.

"మరి పీపా దగ్గర?" అంది సలూద్.

"పీపా దగ్గర కూడా వాడే. పేరు రాసేది వాడిదే కదమ్మా."

పీపా దగ్గర కుర్చీ అంటే ఏమిటో శాన్ ఫెర్నాండోలో పసిపిల్లనడిగినా చెబుతుంది. లాంతరు వెనకాల ఇనప పీపా ఉంటుంది. దాని మీద అక్కడక్కడా టేపు అంటించి ఉంటుంది. వరసగా బిగించిన తలపిన్నులు పీపాని రాసుకుంటూ ఉంటాయి. పిన్ను ఇనుము మీద ఉంటే లాంతరు ముఖం మీద దానికి కలిపిన గది దీపాలు వెలుగుతాయి, టేపు మీదకొస్తే ఆరిపోతాయి. పీపా తిప్పే మనిషి చేతిలో ఉంటుంది లాంతరు ఆట అంతా. అక్కడ కూర్చున్న వాళ్ళ పేరే బోర్డు మీద రాస్తారు, లాంతరు చేసిన వాళ్ళుగా. ఆ కుర్చీ ఈ ఏడాది సలూద్‌కేనని ఇదే కపితాన్ ఆగస్టులో చర్చి మెట్ల మీద పదిమంది ముందు అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తుచేస్తే, "అప్పుడు వీడు లేడు కదా," అని నవ్వేవాడు. అంతకంటే పెద్ద బుర్ర ఆయనకి లేదు.

సలూద్ వెళ్ళి కాఫీ కలిపింది. కప్పు తెచ్చి అతని పక్కన పెడుతూ, అతను పరిచిన కాగితం వైపు చూసింది. ఒక్క చూపు చాలు ఆమెకి. క్లార్క్ అనే ఊరి దగ్గర ఎల్‌ఈడీల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఒక్కో దీపానికీ కరెంటు పెట్టి, రంగు చూసి, వోల్టేజి చూసి వేరువేరు డబ్బాల్లో వేసిన చేతులవి.

లాంతరు అంచు చుట్టూ నాలుగువందల ఎనభై గదులు. అవి ఊదారంగులో వెలగాలి. అందుకని ఒక్కో గదిలో మూడు ఎర్ర ఎల్‌ఈడీలు ఒక వరస, మూడు నీలం ఎల్‌ఈడీలు ఒక వరస. రెండు వరసల మొదళ్ళూ కలిపేశాడు, చివరలూ కలిపేశాడు. రెండింటికీ కలిపి, కరెంటుని అదుపులో పెట్టే రెసిస్టర్ ఒకే ఒక్కటి.

సలూద్ నోరు తెరిచింది. "ఇంజనీరు గారూ, ఇక్కడ..."

జెర్విన్ కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "తక్కువంటే ఇంకా తక్కువ అక్కా. సిరప్‌లా ఉంది. రేపటి నుంచి అలవాటైపోతుందిలెండి."

సలూద్ నోరు మూసుకుంది. కప్పు తీసుకుంది. సరే నాయనా, అనుకుంది లోపల. నీ లాంతరు, నీ పీపా, నీ పేరు. అందరూ చూస్తుండగా వెలిగించుకో. నీలం ఎలా వెలుగుతుందో నేనూ చూస్తాను.

ఆ క్షణంలో ఆమెకి ఎంత హాయిగా ఉందంటే, రెండో కాఫీ కూడా నవ్వుతూ కలిపి ఇచ్చింది.

పీపాకి టేపు చుడుతున్న ముసలి బెర్తో మాత్రం కళ్ళు చికిలించుకుని కాగితం మీదకి వంగాడు. లాంతర్లు చేసే వాళ్ళలో అందరికంటే పెద్దాయన. "పక్కపక్కనే కట్టాడు కదా? మంచిదే. మా తాతల నుంచీ బల్బుల్ని పక్కపక్కనే కడుతున్నాం," అని తలూపాడు. ఆయన్ని అనుకుని లాభం లేదు. పాత లాంతర్లలో బల్బులన్నీ తెల్లవే, రంగు కాగితానిది. ఎర్ర కాగితం వెనకాలైనా నీలం కాగితం వెనకాలైనా బల్బు బల్బే, ఎన్నయినా పక్కపక్కన కట్టొచ్చు, ఎవరి వాటా వాళ్ళు తీసుకుని వెలుగుతాయి. ఇప్పుడు రంగు కాగితంలో లేదు, దీపం కడుపులో ఉంది. ఆ తేడా బెర్తోకి తెలియకపోవడం వయసు. మేనల్లుడికి తెలియకపోవడం పొగరు. తెలిసీ సలూద్ చెప్పకపోవడానికి ఏం పేరు పెట్టాలో తేల్చాల్సిన అవసరం అప్పటికింకా ఎవరికీ పడలేదు.

నీలం వరసలన్నీ మారివిక్‌కి అప్పగించారు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, కుట్టు దుకాణం మూతపడ్డాక ఈ పనిలో కొత్తగా చేరింది. ఈ సీజను గట్టెక్కితే కోర్టులో ఏడాది పొడుగునా లాంతర్ల పని చేసే ఆరుగురిలో ఆమెనీ తీసుకుంటానన్నాడు కపితాన్. మారివిక్ సలూద్ పక్క బల్ల దగ్గరే కూర్చునేది. మొదటి రెండు రోజులూ అతుకులు చెడగొట్టి వేళ్ళు కాల్చుకుంది. సలూద్ విసుక్కుంటూనే నేర్పింది.

"టంకం మీద పెట్టకమ్మా ఐరను. తీగ మీద పెట్టు. తీగ వేడెక్కితే టంకం అదే పాకుతుంది. నువ్వు పెట్టేది చూడు, మేక పెంటికలా ఉంది."

"మీది చూస్తే అద్దంలా ఉంటుందక్కా."

"అద్దంలానే ఉండాలి. మసకగా ఉంటే లోపల అతుక్కోలేదని. పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. తిరగేసి పెట్టావంటే ఆ వరసంతా చీకటే."

మూడో రోజుకి మారివిక్ అతుకులు మెరవడం మొదలైంది. పెదాలు బిగించి, ముక్కు మీద చెమట తుడుచుకోకుండా, రోజుకి యాభై పైన వరసలు అతికేది. ఎడమచేతి రెండు వేళ్ళకీ గుడ్డ పట్టీలు. అయిదో రోజు మధ్యాహ్నం అందరూ పాన్సిత్ నూడుల్స్ తింటుంటే, ఆమె పూర్తయిన గది ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది.

"అక్కా, బెర్తో తాత మోటార్‌సైకిల్ బ్యాటరీ ఉందిగా. ఒక్క గది వెలిగించి చూద్దామా? ఇన్ని చేస్తున్నాను, ఒక్కటైనా వెలగడం నేను చూడలేదు."

సలూద్ చేతిలో ఫోర్కు ఆగింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ. రెండు వైర్లు తాకిస్తే చాలు. ఇప్పుడే తెలిసిపోతుంది. నూట అరవై వరసలు మార్చుకోవాలి, అంతే. జెర్విన్ అటు తిరిగి ఫోన్‌లో లాంతరు పక్కన తన ఫొటో తానే తీసుకుంటున్నాడు.

"ఇంజనీరు గారు లెక్కకట్టి గీశాడుగా. నువ్వెవరివి పరీక్షించడానికి?" అంది సలూద్. "చెప్పిన పని చెయ్యి."

మారివిక్ మొహం చిన్నబుచ్చుకుని వెనక్కెళ్ళింది. సలూద్ మిగిలిన నూడుల్స్ తినేసింది. రుచిగానే ఉన్నాయి.

పదో రోజు సాయంత్రం పరీక్ష. కపితాన్, నలుగురు పేట సభ్యులు, వాళ్ళ పెళ్ళాలు, బ్యాండు మేళం నాయకుడు, చుట్టుపక్కల జనం, అందరూ వచ్చి కోర్టులో కూర్చున్నారు. కపితాన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు, లాంతరు ఆయన కడుపున పుట్టినట్టు. జెర్విన్ మైకు తీసుకుని అయిదు నిమిషాలు మాట్లాడాడు. 'సిస్టం' అన్నాడు, 'ఆప్టిమైజ్' అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ చప్పట్లు కొట్టారు.

స్విచ్చి వేశాడు.

నడి మధ్యలో తెలుపు పూసింది. దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు. "అబ్బో!" అన్నారు జనం. అంచు చుట్టూ ఊదా రావాల్సిన చోట ఎరుపు వచ్చింది. నాలుగువందల ఎనభై గదుల్లో ఒట్టి ఎరుపు. నీలం ఒక్క చుక్క లేదు. పుండు చుట్టూ వాచినట్టుంది లాంతరు.

సలూద్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పది రోజులుగా ఎదురుచూసిన నిమిషం. జెర్విన్ మొహం తెల్లబోవడం కళ్ళారా చూసింది. కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం ఎంతోసేపు లేదు. జెర్విన్ అంచు దగ్గరకెళ్ళి, వంగి, ఒక గదిని గోటితో గీకి చూసి, వెనక్కి తిరిగాడు. తన కాగితం తప్పయి ఉండొచ్చన్న అనుమానం ఆ బుర్రలో పుట్టే అవకాశమే లేదు.

"డిజైను కరెక్టే మామయ్యా. ఎరుపు వెలుగుతోందిగా, అంటే కరెంటు వస్తోంది. నీలం వరసల అతుకుల్లోనే ఉంది తేడా. ఎవరు చేశారివి?"

మారివిక్ లేచింది. "నేనేనండీ."

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని?"

"ఈ నెలే చేరానండీ."

"అదీ సంగతి," అన్నాడు జెర్విన్ కపితాన్‌తో, చేతులు దులుపుకుంటూ.

కపితాన్‌కి కోపం రావడానికి మనిషి దొరికింది. "నాలుగువందల ఎనభై! ఒక్కటంటే ఒక్కటి వెలగలేదే! కళ్ళు మూసుకుని అతికావా తల్లీ? ఊరంతటి ముందు పరువు తీశావు. రేపటి నుంచి రానక్కర్లేదు నువ్వు."

"ఒక్కటి కూడా తప్పు చెయ్యలేదండీ," అంది మారివిక్. "ఒక్కటైనా ఉంటే..." అని పట్టీలు కట్టిన వేళ్ళవైపు చూసుకుంది.

సభ్యుల పెళ్ళాల్లో ఒకావిడ కిసుక్కున నవ్వింది.

సలూద్ లేచింది. ఇది ఆమె అనుకున్న ఆట కాదు. పడాల్సిన వాడు తప్పుకున్నాడు, పక్కనున్నది పడింది. బల్ల మీది కటింగ్ ప్లయర్ తీసుకుని నేరుగా లాంతరు దగ్గరికి నడిచింది. "అక్కా, ముట్టుకోకండి," అన్నాడు జెర్విన్. ఆమె అతనివైపు చూడనైనా చూడలేదు. ఒక గదిలో ఎర్ర వరస కాలు ఒక్కటి పట్టుకుని టక్కున తెంపింది.

ఎరుపు ఆరింది. అదే గదిలో నీలం వెలిగింది. కాస్త నీరసంగానే, కానీ మూడుకి మూడూ.

రెండో గదిలో తెంపింది. నీలం. మూడో గదిలో. నీలం.

"అతుకులకేం రోగం లేదు. రోగం కాగితానిది," అంది సలూద్. "మామూలు బల్బులో తీగ కాలి వెలుగుతుంది. దీంట్లో కాలే తీగ లేదు. లోపల రెండు పొరలుంటాయి. ఒక పొరలో ఎలక్ట్రాన్లు, రెండో పొరలో వాటి కోసం ఖాళీలు. ఎలక్ట్రాన్ ఇటు దాటొచ్చి ఖాళీలోకి మెట్టు దిగినట్టు పడుతుంది. పడ్డప్పుడు వదిలేసే శక్తే వెలుగు. ఎర్రదానికి మెట్టు పొట్టి, రెండు వోల్టులు చాలు. నీలందానికి మెట్టు ఎత్తు, మూడు దాటాలి. మూడేసి చొప్పున ఎర్ర వరసకి ఆరు, నీలానికి తొమ్మిదిన్నర. రెండింటినీ ఒకే రెసిస్టర్ కింద కలిపి కట్టారు. ఆరు వోల్టులు రాగానే ఎరుపు దారి తెరిచేస్తుంది. కరెంటంతా అటే పోతుంది. వోల్టేజి అక్కడే ఆగిపోతుంది, తొమ్మిదిన్నర దాకా ఇంకెక్కడ ఎక్కుతుంది? బ్రహ్మాండంగా అతికినా నీలం వెలగదు. ఏ వరసకా వరసకి వేరే రెసిస్టర్ పెట్టాలి. ఎరుపుకి మూడువందల ముప్ఫై ఓమ్‌లది, నీలానికి నూట ఇరవైది. ఫ్యాక్టరీలో చేరిన వారానికే తెలుస్తుందిది. కాలవలు తవ్వితే తెలియదు."

జనం ఒక్కసారిగా నవ్వారు. జెర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. ముసలి బెర్తో, "అయ్యో, నేనూ బాగుందన్నానే," అని నెత్తి కొట్టుకున్నాడు.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు జెర్విన్ మెల్లగా. "ఇప్పుడు వెలిగించాకా?"

అవునంటే అయిపోయేది. ఒక్క ముక్క. కానీ జనం ఇంకా నవ్వుతున్నారు, సలూద్‌కి అది తలకెక్కింది. "ఇప్పుడా? మొదటి రోజే. నీకు కాఫీ ఇస్తూ, కాగితం మీద ఒక్క చూపు చూడగానే," అంది. నోరు జారి కాదు. తల ఎత్తి, గర్వంగా అంది.

నవ్వు ఆగిపోయింది.

మారివిక్ ఇంకా నిలబడే ఉంది. "బ్యాటరీ పెట్టి చూద్దామన్నాను కదక్కా," అంది. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. "అప్పటికి తెలుసా మీకు?"

సలూద్ చేతిలోని ప్లయర్ వైపు చూసుకుంది.

"నూట అరవై వరసలప్పటికి," అంది మారివిక్. "మిగతా మూడువందల ఇరవైకి ఊరికే కాల్చుకున్నానా వేళ్ళు?"

ఎవరూ నవ్వలేదు. కపితాన్ పెళ్ళాం కూడా ముక్కున వేలేసుకుని సలూద్ వంకే చూసింది. ఆ చూపు సలూద్ బాగా ఎరుగును. పది రోజులుగా జెర్విన్‌ని తను చూస్తున్న చూపే అది.

పోటీకి అయిదు రోజులుంది. కపితాన్ ఆ రాత్రికే మాట మార్చేశాడు. ఆయనకి అదేం కష్టం కాదు. పొద్దున్నే వచ్చి, "సలూద్, లాంతరు నీదే. పీపా కూడా నీదే. మారివిక్ ఉంటుంది. అందరూ కలిసి ఎలాగోలా గట్టెక్కించండి," అన్నాడు. ఆగస్టు నుంచి ఎదురుచూసిన మాట అది. పన్నెండు మందిలో ఒక్కరూ తలెత్తలేదు.

జెర్విన్ సంచీ నిండా వేడివేడి పాన్‌దెసాల్ రొట్టెలు పట్టుకుని వచ్చాడు. తిన్నగా మారివిక్ బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "అక్కా, తప్పు నాది. నీ చేతిపని మీద నింద వేశాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను, క్షమించు," అన్నాడు. తర్వాత ఒక ఐరను తీసుకుని, ఎలా పట్టుకోవాలో ఆమెనే అడిగాడు. రెండు నిమిషాల్లో బొటనవేలు కాల్చుకుని "అమ్మో!" అని ఎగిరాడు. ఆడవాళ్ళంతా ఫక్కుమన్నారు. మారివిక్ కూడా.

నాటకాలు, అనుకుంది సలూద్. రొట్టెలతో కొనేస్తున్నాడు వెధవ. ఏం తెలుసని వీళ్ళకి? కానీ అతను అన్న ఆ రెండు ముక్కలూ తన నోట్లోంచి ఎందుకు రావడం లేదో మాత్రం ఆలోచించలేదు. రొట్టె ఆమె బల్ల మీద కూడా ఒకటి పెట్టారు. సాయంత్రానికి అది గట్టిపడింది.

మారివిక్ తన బల్లని జరుపుకుంది. దూరంగా కాదు, ఎదురుగా. బెర్తో బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. ఇక ఏ గది పూర్తయినా ఆమె చెయ్యి దాటకుండా చట్రం ఎక్కలేదు. రెండు వైర్లు తాకించేది. ఎరుపూ నీలం కలిసి ఊదా వచ్చాకే పక్కన పెట్టేది. జెర్విన్‌వి చూసింది, బెర్తోవి చూసింది, తనవి చూసుకుంది. సలూద్‌వీ చూసింది. ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఇతరుల పని పరీక్షించిన మనిషి పనిని, నెల కింద ఐరను పట్టుకున్న మనిషి ఒక్కొక్కటీ పరీక్షించింది. సలూద్ పళ్ళు నూరుకుంటూ అతుకుతూనే ఉంది.

మరమ్మతు మొదలైన మూడో రోజు మధ్యాహ్నం మారివిక్ ఒక గదికి వైర్లు తాకించింది. ఎరుపు ఒక్కటే వచ్చింది. మళ్ళీ తాకించింది. దగ్గరగా పెట్టి చూసింది. లేచి వచ్చి దాన్ని సలూద్ ముందు పెట్టి, వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

సలూద్ అద్దాలు సవరించుకుంది. నీలం వరసలో మధ్య ఎల్‌ఈడీ తిరగేసి ఉంది. పొడుగు కాలు ఉండాల్సిన చోట పొట్టి కాలు. అతుకు మాత్రం అద్దంలా ఉంది. తన చేతిదే.

విసుక్కోవచ్చు, తిట్టొచ్చు, ఏమైనా అనొచ్చు కదా! మేక పెంటిక అనొచ్చు. మారివిక్ అప్పటికే ఇంకో గది పట్టుకుని వైర్లు తాకిస్తోంది. సలూద్ టంకం కరిగించి, దీపం ఊడదీసి, తిప్పి పెట్టింది. మూడోసారికి గానీ కుదరలేదు.

ఆ సాయంత్రమే ఆమె బోర్డు రాసే మనిషి దగ్గరికెళ్ళి, తన పేరు కింద మారివిక్ పేరు కూడా రాయమని చెప్పింది. అదే ఆమెకి చేతనైన క్షమాపణ. రాశాడతను. రంగు ఆరకముందే మారివిక్ చూసింది. మూలనున్న కిరసనాయిలు గుడ్డ తీసుకుని తన పేరు తుడిచేసింది, బల్ల మీద చిందిన పులుసు తుడిచినంత మామూలుగా.

"నా పేరు ఇంకెక్కడైనా రాయించుకుంటాలే అక్కా," అంది. "దీని కింద వద్దు."

పోటీ రోజు చీకటి పడేసరికి మైదానం కిటకిటలాడింది. పేటపేటకీ ఒక లాంతరు. శాన్ తెల్మో వంతు వచ్చింది. "లాంతరు చేసినవారు, సలూద్ మనలంగ్!" అని మైకులో వినిపించింది. ఆమె పీపా దగ్గర కుర్చీలో కూర్చుని పిడి పట్టుకుంది. బ్యాండు ఎత్తుకుంది. పీపా తిరిగింది, పిన్నులు గరగరలాడాయి. అవతల వేలమంది ఒక్కసారిగా "హా!" అన్నారు. ఊదా వచ్చింది కాబోలు. చప్పట్లు, ఈలలు, ఎవరో పిల్లల అరుపులు. శాన్ తెల్మో జనమంతా ముందువైపు ఉన్నారు. మారివిక్, జెర్విన్, బెర్తో, కోర్టులోని ఆడవాళ్ళందరూ.

పీపా దగ్గర కుర్చీలోంచి లాంతరు ముఖం కనిపించదు. ఏ లాంతరుకైనా అంతే, తిప్పేవాళ్ళు వెనకాలే ఉంటారు. సలూద్‌కి కనిపించింది చట్రం వెనకవైపు. వైర్లు, రెసిస్టర్లు, మారివిక్ చేతి అతుకులు. ఒక్కటీ మసకబారలేదు. పాట అయిపోయేదాకా వాటినే చూస్తూ తిప్పింది.